మెట్ల మీద కట్టిన బాణీ

మా నాన్న మేడ మీద ఉంటాడు. మా మామగారు కింద ఉంటారు. మధ్యలో మెట్లు. ఆ మెట్ల మీద నేనుంటాను. మోకాళ్ల నొప్పులని డాక్టరు దగ్గరికి వెళ్తే "మెట్లెక్కడం తగ్గించండమ్మా" అని ఒక ఉచిత సలహా పారేశాడు. ఆ ముక్కేదో నాతో కాదు, ఆ ఇద్దరితో చెప్పమనండి చూద్దాం.

వాళ్లిద్దరూ జంట సంగీత దర్శకులు. చాలామంది ఇప్పటికీ వాళ్లని ఒక్క మనిషే అనుకుంటారు. ఒకసారి ఎవరో అభిమాని వచ్చి మామయ్య చేతిలో పూలగుత్తి పెట్టి, మేడ మీద నిలబడి దగ్గుతున్న మా నాన్నని చూసి "వారెవరండీ, అద్దెకుంటున్నారా?" అని అడిగాడు. మామయ్య ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నారు. నాన్న రెండు పూటలు అన్నం ముట్టలేదు.

ఒకప్పుడు ఇద్దరూ వేరేవాళ్ల బృందంలో చివరి వరసలో కూర్చునేవారు. నాన్నది వయొలిన్, మామయ్యవి డ్రమ్ములు. ఒక సినిమా మధ్యలో పెద్ద సంగీత దర్శకుడికీ నిర్మాతకీ మాటామాటా పెరిగి, ఆయన కాగితాలు విసిరికొట్టి వెళ్లిపోతే, ఇంకా కట్టాల్సిన పాటలు మిగిలిపోయాయి. నిర్మాత హాల్లోకి వచ్చి "మీలో బాణీ కట్టగలిగినవాడెవడైనా ఉన్నాడా?" అని అరిచాడట. చివరి వరసలో రెండు చేతులు లేచాయి. ఒకరికి పల్లవి తట్టింది, ఇంకొకరికి చరణం తట్టింది. ఆ తర్వాత పడవ పాటలు, ఏడుపు పాటలు, తాగుబోతు పాటలు, జోలపాటలు. ఒక ఏడాది ఏ బస్సెక్కినా, ఏ క్షౌరశాల ముందు నుంచి నడిచినా వీళ్ల పాటే వినపడేది. మా స్కూల్లో నన్ను చూసి పిల్లలు ఈల వేసేవారు, నా కోసం కాదు, ఆ బాణీ కోసం.

వాళ్లకి ఒక పద్ధతి ఉండేది. ఒకరు కట్టింది రెండోవారు వినాలి. విన్నాక నోరు విప్పకూడదు, ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి. రెండు మొహాల్లోనూ "ఊ" కనిపిస్తేనే బాణీ గది దాటి బయటికొచ్చేది. ఒక్కరు పెదవి విరిచినా ఆ బాణీ అక్కడే చచ్చిపోయేది. బయటికొచ్చాక మాత్రం అది ఎవరు కట్టారో ఎవరికీ చెప్పకూడదు, కట్టుకున్న పెళ్లాలకి కూడా. మా అమ్మ పోయేదాకా తనకి బాగా ఇష్టమైన పాట మొగుడిదో మొగుడి స్నేహితుడిదో తెలియకుండానే పోయింది.

అంతటి స్నేహం ముదిరి వియ్యం దాకా వచ్చింది. కలిసి ఇల్లు కట్టారు, కింద వాటా ఒకరిది, మేడ ఒకరిది. నన్ను మామయ్యగారబ్బాయికి ఇచ్చి చేశారు. నన్నడిగారా అంటే అడిగారు, నేను సరే అన్నాను. మా ఆయన పళ్ల డాక్టరు. ఆయనకి శ్రుతికీ అపశ్రుతికీ తేడా తెలియదు. ఆ ఇంట్లో నాకు ఊపిరాడింది ఆ ఒక్క మనిషి దగ్గరే.

మా పెళ్లయిన కొన్నాళ్లకి రేడియో వాళ్లు ఇద్దరినీ పిలిచారు. అడిగే అమ్మాయి ఊళ్లన్నీ ఊపేసిన పాత పాట ఒకటి వినిపించి, "దీన్ని మీ ఇద్దరిలో ఎవరు కట్టారు సార్?" అంది. ఆ ప్రశ్న వాళ్లని అందరూ అడిగిందే, ఎప్పుడూ నవ్వేసి ఊరుకునేవారు. ఆ రోజు మామయ్య మహా హుషారులో ఉన్నారు. "పల్లవి నేను కట్టాను. చరణాలు ఆయన సర్దుతాడు" అన్నారు.

సర్దుతాడట! చరణాలేమన్నా ఉతికిన బట్టలా? నాన్న పక్క కుర్చీలోనే ఉన్నాడు. నవ్వుతూ కార్యక్రమం ముగించాడు, నవ్వుతూ ఇంటికొచ్చాడు, మేడెక్కాడు. అంతే. ఆయనతో మళ్లీ మాట్లాడలేదు.

నాలుగు రోజుల్లో చల్లారుతుందిలే అనుకున్నాను. నా కొడుకు పుట్టి, పెరిగి, హాస్టలుకి కూడా వెళ్లిపోయాడు గాని వీళ్ల మధ్య ఒక్క మాట లేదు. పోనీ విడిపోయారా? అదీ లేదు. విడిగా వెళ్తే నిర్మాత ఎవడూ గడప తొక్కడని ఇద్దరికీ తెలుసు. జనానికి కావలసింది జంట. పైగా ఒకరి కూతురు రెండోవారి కోడలు. అడకత్తెరలో పోకచెక్కని నేనున్నాను కదా, ఇంక వాళ్లకేం!

పని మాత్రం జరగాలి. నాన్న పల్లవి హార్మోనియం మీద వాయిస్తే నేను ఫోన్లో పట్టుకుని కిందికి దిగేదాన్ని. మామయ్య కళ్లు మూసుకుని వినేవారు.

"సంతలో గొర్రెల గోల లాగుందని చెప్పు మీ నాన్నతో."

మేడ మీదికి చేరేసరికి ఆ మాట "కొంచెం నెమ్మది చేస్తే ఇంకా నిండుగా ఉంటుందేమో అంటున్నారు నాన్నా" అయిపోయేది.

"నెమ్మదా? వాడికి నెమ్మదంటే ఏంటో తెలుసా? డబ్బా వాయించుకునేవాడు!"

అది కింద "సరేనన్నాడు మామయ్యా, మీ సలహా బాగుందట" అయ్యేది. ఇంత అబద్ధాలకోరుని ఏ కోర్టులోనైనా జైల్లో వేసేవారు. నేను మాత్రం రోజూ రెండు వైపులా టీ ఇచ్చి మరీ అబద్ధమాడాను.

రికార్డింగులకి కూడా వంతులేసుకున్నారు. పాటకి నాన్న వెళ్తే నేపథ్య సంగీతానికి మామయ్య. ఇద్దరూ ఒకే రోజు ఒకే హాల్లో అడుగుపెట్టలేదు. వాద్యాల వాళ్ల ముందు నిలబడి చెయ్యి తిప్పేది నేనే కాబట్టి నాకు వంతుల్లేవు, రెండు రోజులూ నావే.

పల్లవి పైన, చరణం కింద పుడితే ఆ రెండూ ఎక్కడ కలుస్తాయి? మెట్ల మీద కలుస్తాయి. అతుకు కనపడకుండా నాలుగు వయొలిన్ల బిట్టు రాసేదాన్ని. మొదట్లో అంతే. తర్వాత, పడవల వాళ్ల కథతో ఒక సినిమా చేస్తున్న రోజుల్లో, నాన్నకి మధ్యాహ్నం నిద్ర ఎక్కువైంది. మామయ్య పొద్దున కూనిరాగం తీసింది సాయంత్రానికి మర్చిపోవడం మొదలైంది. నాన్న పల్లవి సగంలో ఆగిపోతే మిగతా సగం నేను పూర్తిచేసి కింద వినిపించాను. "పర్లేదు, బతికే ఉన్నాడు" అన్నారు మామయ్య. మామయ్యకి చరణం అసలే తట్టకపోతే అంతా నేనే కట్టి పైన వినిపించాను. "వాడికి ఈమధ్య బుద్ధొచ్చింది" అన్నాడు నాన్న. ఎవరికి వారు రెండోవాడు కట్టాడనుకున్నారు. నేను నోరు మూసుకున్నాను.

ఎందుకు మూసుకున్నావే అని మా ఆయన అడిగేవాడు. ఏం చెప్పను? నాన్న ఇంకా పొద్దున్నే లేచి హార్మోనియం ముందు కూర్చుంటున్నాడంటే, కింద వాడు ఇంకా కడుతున్నాడు, వాడి ముందు ఓడిపోకూడదన్న పంతంతోనే. మామయ్య మందులేసుకునేది కూడా ఆ పంతంతోనే. అబద్ధం లాగేస్తే ఇద్దరూ ఒకేసారి మంచం పడతారు. ఇన్ని సినిమాల్లో నా పేరు ఎక్కడుందంటే, చివర్లో కృతజ్ఞతలు చెప్పే చోట, కార్లు అద్దెకిచ్చినవాడికీ క్యాంటీన్ ఆయనకీ మధ్యన. అది కూడా జనం లేచి చెప్పులు వెతుక్కునే టైముకి పడుతుంది.

ఇలా ఉండగా ఒక సినిమా వచ్చింది. దర్శకుడు కుర్రాడు, మొహం కన్నా కళ్లజోడు పెద్దది. వీళ్ల పాత పాటలంటే పిచ్చి. అందుకే ఏరికోరి మా ఇంటికొచ్చాడు. కానీ మొదటి పాట వద్దన్నాడు. రెండోదీ వద్దన్నాడు. మూడోది విని కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఇంక ఒక్కటి ఇస్తాం, అది కూడా నచ్చకపోతే వేరేవాళ్లని పెట్టుకోండి అన్నాను. ఆ మాట వాళ్లిద్దర్నీ అడక్కుండానే అన్నాను.

అప్పుడతను ఆ సన్నివేశం చెప్పాడు. ఒక లాండ్రీ. ఒకావిడ పొద్దుగూకులూ వేరేవాళ్ల బట్టలు ఇస్త్రీ చేస్తుంటుంది. తలుపు తెరిచే ఉంటుంది, వీధి కనిపిస్తూ ఉంటుంది. ఎవరూ ఆమెని కట్టేయలేదు. అయినా ఆమె వెళ్లదు.

"పాట మొత్తం అదే మేడం. వెళ్లాలనుంది, వెళ్లదు" అన్నాడు.

ఇది ఎవరికి చెప్తున్నావు నాయనా అనుకున్నాను.

ఇంటికొచ్చి పైనా కిందా చెప్పాను. నాన్న వాయించిన పల్లవి ఆయన పాత జోలపాటే, తాళం ఒక్కటే మార్చాడు. మామయ్య ఒక బాణీ ఎత్తుకుని, మధ్యలో ఆగి, "ఇందాక ఏం పాడాను?" అని నన్నే అడిగారు. ఫోన్ పట్టుకుని మెట్లెక్కుతూ, మెట్లు మలుపు తిరిగే చోట కూలబడ్డాను. పైకెళ్లి చెప్పడానికేమీ లేదు, కిందికెళ్లి చెప్పడానికీ లేదు. ఒళ్లు మండింది. ఆ మంటలోనే ఒక బాణీ నోటికొచ్చింది. దానికి ఎవరి పల్లవీ లేదు, ఎవరి చరణమూ లేదు, మొదటి నుంచి చివరి దాకా నాదే. ఫోన్లోకి గొణుక్కుంటూ పాడుకున్నాను. పాడాక మళ్లీ విన్నాను. అమ్మో, ఎంత సంతోషమేసిందో! పెళ్లయినప్పుడు కూడా అంత సంతోషం లేదు, ఈ మాట మా ఆయనతో చెప్పకండి.

వెంటనే దాన్ని పట్టుకుని మేడెక్కాను. అలవాటు చొప్పున అదే అబద్ధం నోటికొచ్చింది.

"నాన్నా, మామయ్య మొత్తం పాట కట్టేశారు, విను."

నాన్న విన్నాడు. వింటూ వింటూ హార్మోనియం మూత వేశాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"వాడిలో ఇది ఇంకా ఉందటే? నేను ఎండిపోయాడనుకున్నానే!"

కిందికి దిగి రెండో అబద్ధం ఆడాను. "మామయ్యా, ఇది నాన్నది. మొత్తం నాన్నే కట్టాడు." ఇంతకాలం సగం సగం అబద్ధాలే ఆడాను, మొత్తం పాటకి ఎప్పుడూ ఆడలేదు. అక్కడే తప్పులో కాలేశాను.

మామయ్య చివరిదాకా విన్నారు. తర్వాత, "చరణాలు సర్దుతాడన్నాను. నా నోరు పడిపోను" అన్నారు. ఆ మాట నేను మేడ మీదికి చేరవేయలేదు. ఎలా చేరవేస్తాను? నాన్న కట్టలేదు కదా!

కళ్లజోడుకి పాట వినిపించాను. పూర్తిగా విని, ఇంకోసారి పెట్టమన్నాడు. ఆ తర్వాత అడిగాడు.

"మేడం, నేను ఆ ఇద్దరి పాటలు వింటూ పెరిగాను. ఇది వాళ్లది కాదు. ఎవరిది?"

అబద్ధం నాలిక చివరికొచ్చింది. ఈసారి మింగేశాను. "నాది" అన్నాను. ఆ మాట నోటితో అనడం జన్మలో అదే మొదటిసారి. ఏడుపొస్తుందేమోనని కిటికీ వైపు తిరిగాను.

అతను మంచివాడు, గోల చెయ్యలేదు. "ఈ పాటకి తెర మీద విడిగా కార్డు వేస్తాను మేడం, మీ ఒక్కరి పేరుతో. నా తర్వాత సినిమాకి మిమ్మల్నే పెట్టుకుంటాను. కానీ ఒప్పందం ప్రకారం సంగీతమంతా ఆ ఇద్దరిదే. వాళ్లు కాదంటే నా చేతుల్లో లేదు. ఇద్దరూ ఒక్క ఊ అంటే చాలు, రాతకోతలేమీ అక్కర్లేదు. రికార్డింగు రోజు సాయంత్రం పేర్లు పంపించేయాలి. ఆలోగా చెప్పండి."

ఒక్క ఊ. రెండు నోళ్ల నుంచి. అంతకు మించి నేను ఈ భూమ్మీద ఏమీ అడగలేదు.

ఆ వారమంతా చెబుదామని పైకెళ్లి, నాన్న మొహం చూసి కిందికొచ్చాను. చెబుదామని కింద కూర్చుని, మామయ్య మొహం చూసి పైకెళ్లాను. నాన్న కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. మామయ్య జుట్టుకి రంగేయించుకున్నారు. విషయమేంటంటే ఇద్దరూ రికార్డింగుకి వస్తామన్నారు. ఒకే రోజు!

"వాడు వస్తున్నాడా?" అని నాన్న.

"మీ నాన్న వస్తాడా?" అని మామయ్య.

"నాన్నా, నీకు ఆయాసం కదా, ఆ ఏసీ పడదు" అన్నాను. "పడకపోతే స్వెటర్ వేసుకుంటా" అన్నాడు. "మామయ్యా, మీకు మోకాళ్లు..." అన్నాను. "నీకు లేవా మోకాళ్లు? నువ్వెళ్లట్లేదా?" అన్నారు. ఒకరికొకరు క్షమాపణ చెప్పుకోవాలని ఇద్దరూ తహతహలాడుతున్నారు. నా పాట పుణ్యమా అని.

రికార్డింగు రోజు పొద్దున మా ఆయన బూట్లు తొడుక్కుంటూ, "ఇవాళైనా చెప్పేస్తావా?" అన్నాడు.

"చెప్తాను."

"కదిలే పన్ను నాలికతో ఆడించుకుంటూ కూర్చుంటే తిండి దిగదోయ్. పట్టుకుని లాగేయాలి."

"మీకేం, మీరు మత్తిచ్చి లాగుతారు" అన్నాను. నవ్వాడు గాని, వెళ్లబోతూ నా తల మీద చెయ్యేసి వెళ్లాడు.

హాల్లో వయొలిన్ల వాళ్లు శ్రుతి చేసుకుంటున్నారు. గాయని గాజు గదిలో హెడ్‌ఫోన్లు సర్దుకుంటోంది. నేను కాగితాలు పంచి నా స్టాండు దగ్గర నిలబడ్డాను. నా లెక్క ఏంటంటే, నాన్న ముందుగా వస్తాడు, ఆయనకి ఒంటరిగా చెప్పేస్తాను. మామయ్య వచ్చేసరికి సగం బరువు దిగుతుంది. కానీ ఆ ఇద్దరూ ఒకే కారులో దిగారు. మా ఇంటి ముందు ఒకరి కోసం ఒకరు ఆగి, మొహమాటంతో ఒకే కారెక్కారట, దారంతా చెరో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారట, డ్రైవరు తర్వాత చెప్పాడు. తిన్నగా సౌండు ఇంజనీరు గదిలోకి వెళ్లి, అద్దం వెనక సోఫాలో చెరో చివర కూర్చున్నారు. ఇంజనీరు ఎందుకైనా మంచిదని టీ వంకతో బయటికి జారుకున్నాడు.

సరే, మొదట ఒక రిహార్సల్ కానిద్దామని హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. వాయించాం. పాట అయిపోయింది. అందరం హెడ్‌ఫోన్లలో ఇంజనీరు మాట కోసం ఎదురుచూస్తున్నాం. ఇంజనీరు లేడు. మామయ్య లేచి అద్దం దగ్గరికొచ్చి ఆ బల్ల మీద మోచెయ్యి ఆనించారు. లోపలి మాట బయటికి పంపించే మీట మీద సరిగ్గా ఆనించారు. అద్దం అవతల ఆయన నోరు కదిలింది, మాట మా అందరి చెవుల్లోనూ పడింది.

"ఒరేయ్. రేడియోలో ఆ రోజు నేనన్నది తప్పు. ఇలాంటిది నా వల్ల కాదు. నువ్వే కట్టగలవు."

అటు నుంచి నాన్న గొంతు. "నేనేంట్రా? నువ్వు కట్టిందేగా ఇది?"

"వెటకారమా?"

"నీ మీద ఒట్టు. నువ్వు మొత్తం కట్టేశావని అమ్మాయి చెప్పింది."

"నాతో నువ్వు కట్టావని చెప్పింది."

ఆ తర్వాత హెడ్‌ఫోన్లలో ఇద్దరి ఊపిరీ వినపడింది. వాద్యాల వాళ్లందరూ ఒక్కసారిగా తమ కాగితాల్లోకి తలలు దించుకున్నారు. ఇన్నేళ్లుగా నా చేతి వైపు చూసి వాయించినవాళ్లు, ఒక్కరు కూడా నా మొహం చూడలేదు. అద్దం వెనక రెండు తెల్ల తలలు, క్షమించాలి, ఒక తెల్ల తల, ఒక రంగేసిన తల, నెమ్మదిగా నా వైపు తిరిగాయి.

హెడ్‌ఫోన్లు తీసి స్టాండు మీద పెట్టి లోపలికి వెళ్లాను. తిడతారనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. తిట్టుకి తిట్టు నా దగ్గరుంది. తిట్టలేదు. నాన్న మామయ్య పక్కకి జరిగి కూర్చున్నాడు. ఆయన చెయ్యి ఈయన చేతిలో ఉంది. ఇద్దరి కళ్లూ తడిగా ఉన్నాయి.

"ఎన్నాళ్లుగా?" అన్నాడు నాన్న.

"చాన్నాళ్లుగా. ఆ పడవ సినిమా నుంచి."

"అందులో చరణాలు?"

"నేనే. పల్లవి కూడా సగం నేనే."

మామయ్య ఉన్నట్టుండి పకపకా నవ్వారు. "ఒరేయ్, ఇన్నేళ్లూ మనం ఈ పిల్లతో పోటీ పడి ఓడిపోతున్నాంరా!" నాన్న కూడా నవ్వాడు. ఒకరి భుజం ఒకరు తట్టుకుంటూ, దగ్గుకుంటూ, చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు. నాకు కూడా నవ్వొచ్చింది. ఇంత తేలిగ్గా పోయేదానికా నేను ఇన్నాళ్లు చచ్చాను అనుకున్నాను. ఇంక భయమేంటి, అడిగేశాను.

"ఈ పాటకి నా పేరు వేస్తామంటున్నారు. విడిగా కార్డు. మీరిద్దరూ ఊ అంటే చాలు. సాయంత్రానికి చెప్పాలి."

నవ్వు ఆగింది. అప్పుడు చూశాను. ఇద్దరూ నోరు విప్పకుండా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నా చిన్నప్పుడు తలుపు సందులోంచి చూసేదాన్ని ఆ చూపుని. ఇన్నేళ్లలో వాళ్లు మళ్లీ అలా చూసుకోవడం అదే మొదలు. ఏ మొహంలోనూ ఊ లేదు.

"ఏ పాట ఎవరిదో బయట చెప్పుకోవడం మన పద్ధతి కాదు కదమ్మా" అన్నాడు నాన్న.

"రేడియోలో చెప్పుకున్నారుగా!"

"చెప్పినందుకేగా ఇన్నేళ్లు ఇలా ఏడ్చాం. మళ్లీ అదే తప్పు చేయమంటావా?" అన్నారు మామయ్య. ఆయన గొంతులో కోపం లేదు, నిజంగానే అడుగుతున్నారు.

"తప్పేముంది మామయ్యా? నేను కట్టిందానికి నా పేరు."

"ఒక్కదానికి నీ పేరు పడిందనుకో, జనం ఊరుకుంటారా? మిగతావి కూడా ఆ పిల్లే కట్టిందంటారు."

"కట్టాను కదా మరి."

మామయ్య చొక్కా గుండీ పెట్టుకుని, విప్పి, మళ్లీ పెట్టుకున్నారు. నాన్న లేచొచ్చి, చిన్నప్పుడు జ్వరమొస్తే నిమిరినట్టు నా తల నిమిరాడు.

"పిచ్చితల్లీ, తెర మీద పడేవి మా పేర్లా? మా ఇద్దరి ఇంటిపేర్లే కదా. ఒకటి నీ పుట్టింటిది, ఒకటి నీ అత్తింటిది. రెండూ నీవే. ఇంకే పేరు కావాలే నీకు?"

"నాకంటూ ఒక పేరుంది నాన్నా."

"ఉందిగా. నేనేగా పెట్టాను" అన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడో. మోసం చేస్తున్నాననే ఊహ కూడా ఆ మొహంలో లేదు. తిట్టాలనుకున్న తిట్లన్నీ గొంతులోనే ఉండిపోయాయి. మామయ్య వెనక నుంచి, "ఈ సినిమాకి చివరి పాట ఒకటి ఇంకా కట్టాలి కదా, నువ్వే చూడమ్మా. ఇంక మా ఇద్దరికీ కలిపి ఒకేసారి వినిపించెయ్యొచ్చు" అన్నారు. అన్నాక ఇద్దరూ మళ్లీ పక్కపక్కన కూర్చుని, ఫ్లూట్ వాడు బాగా వాయిస్తున్నాడని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. వాళ్లకి మాట్లాడుకోవాల్సినవి చాలా పేరుకుపోయాయి.

హాల్లోకి తిరిగొచ్చాను. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లంతా కోపం. కాగితాలు చింపేసి వెళ్లిపోవాలనిపించింది. ఆ తలుపు బరువైనదే గాని తాళం లేదు. కానీ నేను వెళ్లిపోతే ఆగేది వాళ్లిద్దరి పాట కాదు. నా పాట.

కళ్లజోడు దర్శకుడు గోడవారగా నిలబడి, ఏమైందన్నట్టు కనుబొమలెగరేశాడు. లేదని తల అడ్డంగా ఊపాను. అతను జేబులోంచి ఫోన్ తీసి, పేర్లు పంపించుకోవడానికి బయటికి నడిచాడు.

గాజు గదిలోంచి గాయని, "టేక్‌కి వెళ్దామా అక్కా?" అంది.

వెళ్దాం అని చెయ్యెత్తాను.